మూడో చెరువుకి వేసిన మందు

బండి చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య కొల్లేటి నల్లమట్టి కూరుకుపోయింది. ముందుకూ కదలదు, వెనక్కీ కదలదు. అప్పటికి ఉదయం పదకొండయింది. గుండుగొలను దగ్గర హైవే దిగినప్పుడు వాన లేదు. మూడో చెరువు గట్టు మీద సగం దూరం వచ్చేసరికి పట్టుకుంది. బండిని అక్కడే వదిలేసి, పుస్తకం ఉన్న ప్లాస్టిక్ సంచిని చొక్కా లోపల దోపుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని కాపలా షెడ్డు దాకా నడిచాను. దారిలో నత్తగుల్ల గుచ్చుకుని ఎడమ పాదం తెగింది.

షెడ్డంటే ఒక రేకుల గది. ఒక పక్క మేత బస్తాలు, ఒక పక్క నవారు మంచం, మధ్యలో గ్యాసు పొయ్యి. మూడు వైపులా నీళ్ళే. నాలుగో వైపు నేను నడిచొచ్చిన గట్టు. వానలో అది కూడా చెరువులాగే మెరుస్తోంది.

“రేగడండి మేష్టారూ. ఎండితేనే గాని బండిని వదలదు,” అన్నాడు చంటి.

“ఎప్పటికి ఎండుతుంది?”

“వాన తగ్గాక రెండ్రోజులకండి. తగ్గితే.”

చంటి, తులసి భార్యాభర్తలు. కామవరపుకోట నుంచి వచ్చి ఏడు నెలలుగా ఈ చెరువుకి కాపలా ఉంటున్నారు. ఈ షెడ్డే వాళ్ళ ఇల్లు. ఈ చెరువులు హనుమంతరావు గారివి.

నేను తాడేపల్లిగూడెం కాలేజీలో ముప్ఫై ఏళ్ళు జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఏలూరులో ఇల్లు. కిందటేడు ఈ చుట్టుపక్కల రొయ్యల రైతులు ఇరవై ఇద్దరు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. కొల్లేరు హద్దులోకి చెరువు జరపకుండా, వాడిన నీళ్ళు తేర్చి గాని డ్రెయినులోకి వదలకుండా, యాంటీబయాటిక్ అన్నది ముట్టకుండా రొయ్య పెంచుతామని కట్టుబడ్డారు. అలాంటి రొయ్య కావాలనే కొనుగోలుదారులు వాళ్ళకి ఒక సర్టిఫికెట్టు ఇప్పించారు. ఇరవై ఇద్దరికీ కలిపి ఒకటే. చెరువు చెరువుకీ ఒక పుస్తకం ఉంటుంది. అందులో మేత, సున్నం, నీళ్ళు, మందులు, అన్నీ రాయాలి. వారం వారం వచ్చి చూసి సంతకం పెట్టడానికి, చెరువు లేనివాడూ ఎవరికీ చుట్టం కానివాడూ కావాలనుకుని నన్ను పెట్టుకున్నారు. అప్పటికి నా భార్య స్టెల్లా పోయి నాలుగు నెలలు. బుధవారం ఒకచోటికి వెళ్ళాలి అని ఉంటే మంగళవారం చొక్కా ఇస్త్రీ చేసుకోవచ్చు. నేను ఒప్పుకోవడానికి అంతకన్నా పెద్ద కారణం లేదు.

ఆ రోజు మూడో చెరువులో సాంపిల్ తీయాలి. పట్టుబడికి ముందు కొన్ని రొయ్యలు తీసి లాబుకి పంపిస్తారు. రిపోర్టు శుభ్రంగా వస్తే నాలుగో రోజున వలలు దిగుతాయి. ఏలూరు లాబు నుంచి ఇందుజ అనే అమ్మాయి మధ్యాహ్నం మూడింటికి ట్రాక్టరు మీద వస్తుంది. ఒకప్పుడు నా స్టూడెంటే. ఫారంలో ప్రశ్నలు అడుగుతుంది, నేను చెప్తాను, ఆమె రాసుకుంటుంది, నేను సంతకం పెడతాను. ఆ లోపల పుస్తకం సరిచూసుకుందామని ముందుగా వచ్చాను.

“రక్తం కారతందండి. అలా కూకోండి,” అంది తులసి.

మంచం కింద నుంచి ఒక రేకు డబ్బా తీసింది. స్టెల్లా చెల్లెలు క్రిస్టినా ఒక క్రిస్మస్‌కి ఇచ్చిన బిస్కెట్ల డబ్బా అది. జూన్‌లో నేనే తెచ్చి తులసి చేతికిచ్చాను, స్టెల్లా వాడగా మిగిలిన మందులతో సహా. షాపువాడు వెనక్కి తీసుకోనన్నాడు. నాకు పారేయడానికి చేతులు రాలేదు. ఊరికి దూరంగా గట్టు మీద ఉండేవాళ్ళకి పనికొస్తాయి కదా అనుకున్నాను. జ్వరం బిళ్ళలు, ఓఆర్ఎస్ పొట్లాలు, దూది, ఆయింట్‌మెంటు. వాటితోపాటు రెండు స్ట్రిప్పుల డాక్సీసైక్లిన్ గుళికలు కూడా.

డాక్టరు రాయకుండా యాంటీబయాటిక్ ఎవరికీ ఇవ్వకూడదని ఏటా క్లాసులో చెప్పినవాణ్ణి. ఆ రెండు స్ట్రిప్పులూ తీసేద్దామని చేతిలోకి తీసుకున్నాను కూడా. కానీ ప్రతి గుళిక పక్కనా స్టెల్లా స్కెచ్ పెన్నుతో సోమ, మంగళ, బుధ అని రాసుకుంది. మరిచిపోకుండా ఉండటానికి. సోమవారం వేసుకుంది. మంగళవారం వేసుకుంది. బుధవారం పొద్దున ఆస్పత్రికి తీసుకెళ్ళాను. మిగతా పద్ధెనిమిదీ అలాగే ఉన్నాయి. వాటిని చెత్తబుట్టలో వేయలేక డబ్బాలో పెట్టి మూత వేశాను.

తులసి నా పాదం కడిగి, పాత చీర ముక్కతో తుడిచి, ఆయింట్‌మెంటు రాసింది. ఆమె దూది చుడుతుంటే నేను డబ్బాలో చెయ్యి పెట్టి కెలికాను. ఏదో వెతకాలని కాదు, ఆ రాత ఒకసారి చూద్దామని. అడుగున కాగితంలో చుట్టి ఉన్నాయి రెండు స్ట్రిప్పులూ. ఖాళీగా ఉన్నాయి. చిరిగిన వెండి రేకుని గోటితో నొక్కి చదును చేసి ఉంచారు.

“ఇవి ఎవరికి వేశావమ్మా?”

తులసి దూది మీద ప్లాస్టరు అంటిస్తూ ఉండిపోయింది.

“ఎవరికైనా ఒంట్లో బాగోలేదా?”

చంటి గుమ్మంలోంచి నీళ్ళకేసి చూస్తున్నాడు. రేకుల మీద వాన మోతలో, నా మాట ఆమెకి వినపడిందో లేదో అని మళ్ళీ అడిగాను.

“రొయ్యలకండి,” అంది.

తర్వాత మెల్లిగా చెప్పింది. పది రోజుల కిందట రొయ్య మేత మానేసిందట. మేత తింటున్నదీ లేనిదీ చూడటానికి నీళ్ళలోకి దించే వల పళ్ళాన్ని చెక్ ట్రే అంటారు. దాన్ని పైకెత్తితే వేసిన మేత వేసినట్టే ఉంటోందట. నీళ్ళ మీద తెల్లటి దారాల్లాంటివి తేలుతున్నాయట.

“మేం మెట్టవాళ్ళం. మాకేం తెలుస్తాదండీ. మాకు ముందు ఉన్నోళ్ళని చెరువు పోయిందని సామాను గట్టు మీద పెట్టి పంపేశారంట కదండి. నాకు అన్నం దిగలేదు. గుళికలిప్పి ఆ పొడి బెల్లం నీళ్ళలో కలిపి, మేతకి పట్టించి నాలుగు పూటలు ఏసానండి.”

“గట్టు మీద బోర్డు పెట్టాం కదమ్మా, మందులు వాడరాదు అని.”

“ఆ బోర్డు రొయ్యల మందుల షాపులోయి వాడొద్దని కదండీ. ఇయ్యి మనుషుల మందులు. మనిషికి మంచిది రొయ్యకి చెడ్డెలా అవుతాదండి? పైగా మీరిచ్చినియ్యి.” నా మీద తప్పు వేయడానికి కాదు, తన జ్ఞాపకం సరైనదో కాదో తేల్చుకోవడానికన్నట్టు అడిగింది. “మీరే అన్నారు కదండీ, మంచి మందులమ్మా, వృథా చెయ్యకు, పెద్ద జబ్బుకి కూడా పనిచేస్తాయి అని.”

అన్నాను. అచ్చం అవే మాటలు.

“మూడో నాటికి ట్రేలు ఖాళీ చేసినాయండి,” అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహంలో వెలుగు రాబోయి ఆగిపోయింది.

నాకు కిందటి బుధవారం గుర్తొచ్చింది. పుస్తకంలో మేత పెరగడం చూసి, “బాగా చూసుకుంటున్నావమ్మా” అని తులసిని మెచ్చుకున్నాను. మందుల గడిలో ‘లేవు’ అని రాసి సంతకం పెట్టాను.

సంఘం కట్టుబాటు ఒకటుంది. సాంపిల్‌కి ముందే తప్పు చెప్తే ఆ ఒక్క చెరువునే పక్కన పెడతారు. చెప్పకుండా దాస్తే, అది లాబులోనో ఓడరేవులోనో బయటపడితే, ఇరవై ఇద్దరి సర్టిఫికెట్టూ పోతుంది. చెప్తే ఈ చెరువు పట్టుబడి ఆగుతుంది. ఒకసారి జబ్బు చూసిన రొయ్య, పట్టకుండా ఉంచితే బతుకుతుందన్న నమ్మకం లేదు. చెరువు పోతే ఈ ఇద్దరి సామానూ గట్టు మీదికి వస్తుంది. వీటన్నిటికీ మొదలు నేనిచ్చిన మందుల డబ్బా.

పుస్తకం మేత బస్తా మీద పెట్టి ఉంది. షెడ్డులో నేను దానికి దూరంగా జరగడానికి చోటు లేదు.

హనుమంతరావు గారు ఫోన్ చేశారు. గట్టిగా మాట్లాడటం ఆయనకి తెలియదు.

“ఏవండీ మేష్టారూ, తడిశారా?”

“కొద్దిగా అండి.”

“తలకి తుండు చుట్టుకోండి, జలుబు చేస్తుంది. ఇందుజమ్మ వస్తోంది కదండీ. పాపం ఆడపిల్లని ఆ బురదలో మూడో చెరువు దాకా ఎందుకు నడిపించడం? రెండో చెరువు రోడ్డు వారనే ఉంది. అక్కడే ఓ కిలో పట్టి ఇచ్చేయమని చంటికి చెప్పండి. రెండూ ఒక నీళ్ళే, ఒక సీడే. ఏమంటారు?”

ఆయనకి ఏమీ తెలియదు. నిజంగా ఆ అమ్మాయి కాళ్ళ గురించే అన్నారు. ఎవరో కాళ్ళు కడుక్కోమని చెంబుతో నీళ్ళిచ్చినంత మామూలుగా ఉంది ఆ మాట. నేను ఏమీ అనలేదు. సరేనన్నట్టే అనుకుని ఫోన్ పెట్టేశారు.

చిన్న గది. ఆయన మాట ముగ్గురికీ వినపడింది. చంటి గొంతు సవరించుకున్నాడు.

“రెండో చెరువులో మనమేం కలపలేదండి.”

“నువ్వూరుకో,” అంది తులసి.

“మేష్టారికి చెప్తన్నానే. ఉన్న మాటే కదా.”

“ఉన్న మాటలు నీ దగ్గర ఎప్పుడూ సగమే ఉంటాయి. ఆ పాలు పొంగుతున్నాయి, చూడు ముందు.”

చంటి పొయ్యి దగ్గరికి వెళ్ళాడు. ఎంత ఇరుకులో ఉన్నా మొగుడూ పెళ్ళాలు అలా మాట్లాడుకుంటుంటే వినడం నాకు బాగుంటుంది. ఆ ఒక్క నిమిషం బాగుంది.

అన్నం పెట్టింది. వంకాయ కూర, మజ్జిగ. కంచం పట్టుకుని కూర్చుంటే భీమడోలు దగ్గర సత్యవతి గారు గుర్తొచ్చారు. సంఘంలో ఆవిడదే చిన్న చెరువు. కిందటేడు దానికి జబ్బు చేస్తే షాపువాడు అడగకుండానే ఇంటికొచ్చి మందు డబ్బా అరుగు మీద పెట్టిపోయాడు. ఆవిడ దాన్ని ముట్టలేదు. సగం రొయ్య పోయింది. నేను వెళ్ళేసరికి, చచ్చిన రొయ్యల్ని గోతిలో వేసి సున్నం చల్లిస్తున్నారు. నాకు మజ్జిగ ఇచ్చి, “రాసుకోండి మేష్టారూ, మందులు లేవు అని” అన్నారు. ఆవిడ పుస్తకంలో ఆ మాట రాసిన పెన్నే ఇప్పుడు నా జేబులో ఉంది.

ఎవరికీ తెలియదు, అనుకుని చూశాను. రెండో చెరువు రొయ్య లాబుకి వెళ్తుంది. రిపోర్టు శుభ్రంగా వస్తుంది. మూడో చెరువు రొయ్య ఐసులో ఎక్కడికో వెళ్తుంది. ఏ దేశంలోనో ఒక తల్లి, ఇందులో ఏమీ కలవలేదట అని నమ్మి పిల్లలకి వడ్డిస్తుంది. ఓడరేవులో మళ్ళీ పరీక్ష చేయొచ్చు, చేయకపోవచ్చు. చేయకపోతే ఏమీ జరగదు. ఆ ఏమీ జరగకపోవడాన్ని వచ్చే బుధవారం సత్యవతి గారి ఇంటికి తీసుకెళ్ళి, ఆవిడిచ్చిన మజ్జిగ తాగాలి. లేచి పారిపోదామన్నా బండి బురదలో ఉంది.

తులసి కంచాలు తీసి, ఖాళీ స్ట్రిప్పులు రెండూ నా ముందు పెట్టింది.

“పొయ్యిలో పడెయ్యమంటారా అండి?”

“ఇన్నాళ్ళూ ఎందుకు దాచావమ్మా?”

“అమ్మగారి రాత కదండీ. పారెయ్యబుద్ధి కాలేదు.”

నేను వాటిని చేతిలోకి తీసుకున్నాను. పొయ్యి నా చేతికి అందేంత దూరంలోనే ఉంది.

మూడు దాటాక ట్రాక్టరు చప్పుడు వినిపించింది. రోడ్డు దగ్గర ఆగిపోయింది. ఇందుజ ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, ఐసు పెట్టె నెత్తిన పెట్టుకుని, జారుతూ నిలదొక్కుకుంటూ గట్టు మీద నడిచొచ్చింది. చంటి ఎదురెళ్ళి పెట్టె అందుకున్నాడు.

“రావుగారు ఫోన్ చేశారు సార్, రెండో చెరువు దగ్గరే తీసుకోమని. కానీ ఫారంలో మూడు అని ఉంది. మిమ్మల్ని అడుగుదామని వచ్చాను. మీరెలా చెప్తే అలా.”

“ముందు ఫారం రాసుకుందాం, కూర్చో.”

మంచం అంచున కూర్చుని ఒళ్ళో అట్ట పెట్టుకుంది. చెరువు విస్తీర్ణం, రొయ్యపిల్ల వదిలిన తేదీ, మేత రకం. చెప్పాను. “గత ముప్ఫై రోజుల్లో మందులేమైనా...” అంటూనే ఆమె పెన్ను ‘లేదు’ అన్న గడి మీదికి వెళ్ళిపోయింది. నా చెరువుల దగ్గర ఆ ప్రశ్నకి ఆమె ఎప్పుడూ ఆగదు.

“ఆగమ్మా,” అన్నాను.

పెన్ను ఆగింది.

“వాడాం. డాక్సీసైక్లిన్. పద్ధెనిమిది గుళికలు, పది రోజుల కిందట మొదలుపెట్టి నాలుగు పూటలు.”

ఇందుజ తలెత్తి నన్ను చూసింది. తర్వాత తులసిని చూసింది. తులసి లేచి నిలబడింది.

“ఏసింది నేనేనండి. మేష్టారికి తెలీదు.”

“ఫారంలో ముందు ఏ గడి ఉందమ్మా? వేసిందెవరనా, మందు ఎక్కడిదనా?” అని ఇందుజని అడిగాను.

ఆమె కాగితం చూసింది. “ఎక్కడిదని సార్.”

“అక్కడ నా పేరు రాయి. దేవరాజు, రిటైర్డ్ లెక్చరర్. తన దగ్గర ఉండకూడని మందు, తెలియనివాళ్ళకి ఇచ్చాడు అని రాయి. ఆ తర్వాత ఆవిడ చెప్పింది కూడా రాయి. ఏది మనుషుల మందో ఏది రొయ్యల మందో మేం ఆవిడకి చెప్పలేదని కూడా.”

ఇందుజ రాసింది. అక్షరాలు కాలేజీలో ఉన్నట్టే గుండ్రంగా ఉన్నాయి. రాయడం అయ్యాక ఇబ్బందిగా అంది.

“ఖాళీ స్ట్రిప్పు జత చేయాలి సార్.”

రెండూ చూపించాను. చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. పక్కన రాసి ఉన్న వారాలు చదివి, ఆ రాత ఎవరిదో గుర్తుపట్టినట్టుంది. కాలేజీ రోజుల్లో మా ఇంటికి నోట్సుకి వచ్చేది, స్టెల్లా పెట్టిన ఉప్మా తినేది.

“ఒకటి చాలు సార్,” అంది మెల్లిగా. “బ్యాచ్ నంబరు కనిపించేది.”

నంబరు మొదటిదాని మీదే ఉంది. అందులో సోమ, మంగళ అన్న రెండు గుంటల దగ్గర రేకు అడ్డదిడ్డంగా చిరిగి ఉంది. ఎప్పుడూ తొందరే స్టెల్లాకి. దాన్నే ఇచ్చాను. ఇందుజ ప్లాస్టిక్ సంచిలో పెట్టి సీలు వేసింది. రెండోదాన్ని తులసి నా చేతిలోంచి తీసుకుని, కాగితంలో చుట్టి, డబ్బాలో పెట్టింది.

హనుమంతరావు గారికి నేనే ఫోన్ చేశాను. అంతా విన్నారు. తర్వాత చాలాసేపు ఆయన ఇంట్లో ఫ్యాను తిరుగుతున్న చప్పుడే వినపడింది.

“అందరూ వాడుతున్న ఊళ్ళో వాడనిచ్చేది లేదనేవాడు ఒకడుండాలని మిమ్మల్ని పెట్టుకున్నామండి,” అన్నారు. కోపం లేదు. కోపం ఉంటే తేలికగా ఉండేది.

“అవునండి.”

“ఎన్నాళ్ళు ఆపాలి?”

“ఇరవై ఒక్క రోజులట. తర్వాత మళ్ళీ సాంపిల్.”

“అన్నాళ్ళూ రొయ్య బతుకుతుందా?”

“చెప్పలేనండి.”

“మిగతా ఇరవై ఒక్కమంది?”

“వాళ్ళకి ఏమీ కాదు. ముందే చెప్పాం కాబట్టి.”

“సంఘం పుస్తకాలు మీ దగ్గర ఉండాలో వద్దో ఆదివారం వాళ్ళే చెప్తారు. సరే. ఆ మొగుడూ పెళ్ళాలని ఏం చేయమంటారు?”

తులసి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఆయన మాట ఆమెకీ వినపడుతోంది.

“ఉంచండి,” అన్నాను. “ఈ చెరువు మేత మానేసిన పూటేదో, మళ్ళీ తిన్న పూటేదో మనలో ఎవరికీ తెలీదు. ఆవిడకి తెలుసు.”

“అయితే మీరూ ఉండండి మేష్టారూ. ఇరవై ఒక్క రోజులూ ఆ గట్టు మీదే. మీ కళ్ళెదుట తప్ప గింజ మేత నీళ్ళలో పడకూడదు. అలా అయితేనే వాళ్ళు ఉంటారు.”

“మధ్యలో ఇంటికోసారి...”

“రొయ్యకి వెళ్ళే దారుందా అండి?” అన్నారు. మళ్ళీ ఆయనే, “దుప్పటి, మీ బీపీ బిళ్ళలూ రేపు పంపిస్తాను. పేరు చెప్పండి. చీటీ రాసిన మందే కదా అది?” అన్నారు.

“చీటీ ఉందండి,” అన్నాను.

ఇందుజ ఖాళీ ఐసు పెట్టె తీసుకుని వెళ్ళిపోయింది. రోడ్డు మీద ట్రాక్టరు చప్పుడు కాసేపు వినపడి ఆగిపోయింది. నా బండి గట్టు మధ్యలో, హ్యాండిలు ఒక పక్కకి తిప్పి, అలాగే నిలబడి ఉంది.

“మంచం మీరు తీసుకోండి మేష్టారూ,” అన్నాడు చంటి. “మాకు బస్తాలున్నాయి. అలవాటే.”

సాయంత్రం మేత వేళయింది. తులసి గొడుగు పట్టుకుని చెక్ ట్రే దగ్గరికి బయలుదేరి, వెనక్కి తిరిగి నిలబడింది. ఇంతకుముందు ఒక్కతే వెళ్ళేది. కట్టు కట్టిన పాదానికి కవరు చుట్టుకుని ఆమె వెనకే చెక్క వంతెన మీదికి నడిచాను. గొడుగు సగం నా వైపు జరిపింది. తాడు లాగింది. ట్రే పైకి వచ్చింది. మూలన ఉన్న ఒక రొయ్య చిటుక్కున ఎగిరి నీళ్ళలో పడింది. మిగతావి నాలుగైదు మీసాలు కదుపుతూ ఉన్నాయి. మేత సగం అలాగే ఉంది.

తులసి దాన్ని వేలితో కదిపి చూసింది. నా మొహం చూడకుండా అడిగింది.

“సగం ఉండిపోయిందండి. ఏమని రాస్తారండి?”

“సగం ఉండిపోయింది అని,” అన్నాను.

ఆమె ట్రే కడిగి మళ్ళీ నీళ్ళలోకి దించింది. నేను చొక్కా లోపల నుంచి పుస్తకం తీశాను. తడవకుండా గొడుగు పూర్తిగా దాని మీదికి పట్టింది.